శ్రీ రన్ నామ సంవత్సరం

"ఏవండీ, ఆ బళ్ళో వేస్తే పిల్లకి మాట పడిపోదు కదా?" అన్నాను.

మా ఆయన ఒక చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం మంచం కింద వెతుకుతున్నారు. అక్కణ్ణుంచే తల బయటపెట్టి, "ఎవరికి, మృదులకా?" అన్నారు. "దాని నోరు మూయించే బడి ఉందంటే మన వీధంతా వచ్చి దండలేసి మరీ చేరుస్తారే. పద పద, మీటింగుకి టైమయింది."

ఆయన నవ్వారు. ఆయన నవ్వినప్పుడల్లా నాకు భయం ఇంకాస్త పెరుగుతుంది. లారీ బుకింగ్ ఆఫీసులో పనిచేసే మనిషి, బ్రేకులు లేని బండిని చూసి కూడా అలాగే నవ్వుతారు. నేను తొమ్మిదో తరగతి దాకా చదివాను. ఆ మాత్రం చదువుకి ఏమేం జరగొచ్చో తెలుస్తుంది గానీ, జరక్కుండా ఏం చెయ్యాలో తెలియదు. అందుకే నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక గొడుగు, ఒక పాత దుప్పటి, ఒక సున్నం డబ్బీ ఉంటాయి. మాది పిడుగురాళ్ళ. చుట్టూ సున్నపు బట్టీలే కాబట్టి సున్నం ఎందుకని ఎవరూ అడగరు. దుప్పటి ఎందుకని అడుగుతారు. ఎందుకో ముందే తెలిస్తే అది భయమెలా అవుతుంది?

మా మృదుల అయిదో తరగతి దాకా మున్సిపల్ బళ్ళో చదివింది. ఆరో తరగతికి మెయిన్ రోడ్డులో కొత్తగా కట్టిన మూడంతస్తుల ఇంగ్లీషు బళ్ళో చేర్చాం. ఆ బడి పేరులో ఇంటర్నేషనలూ ఒలింపియాడూ టెక్నో వగైరా చాలా ఉన్నాయి. బోర్డు చాలక చివరి మాట పక్కనున్న మందుల షాపు గోడ మీదికి పాకింది. పిల్ల మాటకారి. పళ్ళు తోముకుంటూ మాట్లాడుతుంది, నిద్రలో మాట్లాడుతుంది, కూర నచ్చకపోతే ఇక వీధి చివరి దాకా వినపడేలా మాట్లాడుతుంది. అలాంటి పిల్ల నోటికే ఏదన్నా అవుతుందని నాకు మొదటినుంచీ అనుమానం.

మీటింగులో ప్రిన్సిపాల్ పరాంకుశం గారు మండుటెండలో కోటు వేసుకుని, కోటుకి అత్తరు రాసుకుని, మైకు ముందు నిలబడ్డారు.

"గౌరవనీయులైన తల్లిదండ్రులారా! ఈ విద్యా సంవత్సరాన్ని మా యాజమాన్యం శ్రీ రన్ నామ సంవత్సరంగా ప్రకటించడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో ఆ తర్వాత చెప్పారు. విజయవాడలో ఒక హోటల్లో సెమినార్ జరిగిందట. ఇంగ్లండులో అచ్చయ్యే ఒక పెద్ద డిక్షనరీలో 'రన్' అనే ఒక్క క్రియకే ఆరు వందల పైచిలుకు అర్థాలున్నాయని అక్కడ ఆయనకు తెలిసిందట.

"మనిషి పరిగెడితే రన్! ముక్కు కారితే రన్! కొట్టు నడిపితే రన్! కుళాయి పారితే రన్! చీర రంగు దిగితే రన్! ఆఖరికి ఎన్నికల్లో నిలబడినా రన్!"

"నిలబడితే రన్ ఏందే?" అన్నారు మా ఆయన నా చెవిలో.

"అక్కడ నిలబడనివ్వరేమోనండీ," అన్నాను. నాకు ఆ దేశం వాళ్ళ మీద జాలేసింది.

"ఇతర విద్యాసంస్థలు వేల కొద్దీ పదాలను పైపైన బోధిస్తున్నవి," అన్నారు పరాంకుశం గారు. "మేము ఒక్క పదాన్ని అడుగంటా బోధిస్తాము."

నేను భయపడుతూనే లేచి నిలబడ్డాను. "మరి మిగతా మాటలు ఎప్పుడు నేర్చుకుంటారండీ?"

"తదుపరి సంవత్సరములలో దశలవారీగా చేపట్టబడును."

"ఇంకోటండీ. పైన నీళ్ళ ట్యాంకు కింద చాటంత తేనెపట్టుందండీ. పిల్లలు ఆడుకునే గ్రౌండు సరిగ్గా దాని కిందే..."

"అమ్మా, ప్రస్తుత సమావేశం క్రియాపదాలకు పరిమితం. తేనెపట్టు నామవాచకం. కూర్చోండి."

కూర్చున్నాను. మా ఆయన నవ్వారు.

ఆ వారంలోనే బళ్ళో 'అర్థ ధ్రువీకరణ విభాగం' పెట్టారు. పరాంకుశం గారు అధ్యక్షులు. ఇంగ్లీషు మేడం ఒక సభ్యురాలు. అర్థాలకి నంబర్లుంటాయి కాబట్టి ఫీజు కౌంటర్లో కూర్చునే గుమాస్తా ఇంకో సభ్యుడు. ఇక మీదట బళ్ళో ఎవరు 'రన్' అన్నా, అది ఎన్నో నంబరు అర్థమో, ఆ అర్థం ఎక్కణ్ణుంచి పుట్టిందో ముందు చెప్పి తర్వాత అనాలి. అనుమానమొస్తే విభాగం తేల్చాలి. అధ్యక్షుల వారు స్వయంగా ఆచరించి చూపిన అర్థానికి మాత్రం వేరే ధ్రువీకరణ అక్కర్లేదు. ఈ చివరి నియమం ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కుర్చీలోంచి లేవగా చూసినవాళ్ళు తక్కువ.

పుట్టుక దగ్గర మరో చిక్కొచ్చింది. ఆ మాట పూర్వం రెండు దారుల్లో వచ్చిందట. ఒకటి ఇంగ్లండు నేల మీదే ఉన్నదట. రెండోది ఉత్తరాది చలిదేశాల నుంచి పడవలెక్కి వచ్చినవాళ్ళు తెచ్చారట. రెండూ కలిసిపోయి ఇప్పుడు ఏది ఏదో విడదీయడం పండితులకే కష్టమట. అలా విడదీయరాని దానితో పిల్లల్ని మాత్రం శుభ్రంగా విడదీశారు. సగం మంది నేల హౌస్, సగం మంది పడవ హౌస్. ఒక హౌస్ వాళ్ళు ఇంకో హౌస్ అర్థాలు వాడకూడదు. అర్థాలు కలుస్తాయని అన్నం దగ్గర కూడా కలిసి కూర్చోకూడదు.

మా మృదుల పడవ. దానితో పాటు మున్సిపల్ బడినుంచి వచ్చిన ప్రాణస్నేహితురాలు ఫర్జానా నేల.

పడవ అనగానే నాకు మునగడమే గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే స్నానాల గదిలో నీళ్ళ డ్రమ్ము తీయించేశాను.

"డ్రమ్ములో పడవ ఎక్కడ మునుగుతుందే?" అన్నారు మా ఆయన.

"మునిగాక అనుకుని ఏం లాభమండీ?"

ఆ తర్వాత వాట్సాప్‌లో తల్లిదండ్రుల గ్రూపు వచ్చింది. తెలుగులో 'రన్'కి సరిపోయే మాటలకి కూడా అదే నియమమని అందులో పెట్టారు. అది చూడకుండా ఒకరోజు పొద్దున, "మా అమ్మాయికి ముక్కు కారుతోంది, బడికి పంపమంటారా?" అని అడిగాను. జవాబు ఇలా వచ్చింది: "తమరు వాడిన క్రియ విభాగం దృష్టికి తేబడినది. నంబరు, మూలం తెలియజేయగలరు. అంతవరకు ముక్కు విషయమై ఎట్టి నిర్ణయమూ తీసుకోరాదు." నేను నిర్ణయం తీసుకోలేదు. ధ్రువీకరణ వచ్చేసరికి జలుబు తగ్గిపోయింది. "సదరు ముక్కు కారుటకు అనుమతించడమైనది," అని వచ్చింది. పోనీ, వచ్చే జలుబుకి పనికొస్తుందని దాచుకున్నాను.

ఇదంతా నేను తట్టుకోగలిగాను. ఒకరోజు సాయంత్రం మృదుల బడినుంచి వచ్చి, చెప్పులు విప్పి, సంచి పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది.

"ఏమే, ఏమైంది?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఎవరన్నా కొట్టారా? కడుపు నొప్పా? పాముగాని కనపడిందా?"

పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. జరుగుతుందనుకున్నది జరిగింది. పిల్లకి మాట పడిపోయింది.

సంచీ భుజానేసుకుని బడి గేటు దాకా ఒక్క పరుగున వెళ్ళాను. డ్రిల్ మాస్టారు మస్తాన్ గారు గేటు మూస్తున్నారు.

"కంగారుపడమాక తల్లీ," అన్నారు. "పాపకి రోగం కాదు, శిక్ష. మధ్యాహ్నం గంట కొట్టారు. ఫర్జానా మెట్ల మీద నిలబడుంటే మీ పాప 'ఫర్జానా, రన్!' అనింది. నంబరు చెప్పలా, మూలం చెప్పలా. పైగా పడవ హౌసు పిల్ల నేల హౌసు పిల్లతో అనింది. మౌన పరిశీలనలో పెట్టారు. విభాగం తేల్చేదాకా మాట్టాడకూడదు."

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో, వీధిలో, ఏడైనా. ఒక్క మాట మాట్టాడిందంటే క్లాసు మొత్తానికీ సాగర్ డ్యాం చూడబోయే ట్రిప్పు కేన్సిలంట. ఫర్జానా ఆ ట్రిప్పుకని కొత్త నల్ల కళ్ళజోడు కొనుక్కోని రోజూ పెట్టుకోని చూసుకుంటా ఉందంట. అందుకని మీ పాప నోరు విప్పట్లా."

అదీ సంగతి. స్నేహితురాలి నల్ల కళ్ళజోడు కోసం నా కూతురు మూగదైంది.

మా ఇంట్లో ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. పొరుగావిడ గోడ మీంచి తొంగిచూసి, "మీరు ఊళ్ళో లేరా ఏంది?" అంది. మా ఆయన అన్నం తింటూ జోకులేసి చూశారు. పిల్ల నవ్వాపుకోవడానికి అరచేయి కరుచుకుంది గానీ శబ్దం రానివ్వలేదు. రెండు రోజులకి ఆయన జోకులు కూడా ఆగిపోయాయి. ఆయన నవ్వితే భయపడేదాన్ని కదా, నవ్వకపోతే ఇంకా భయమని అప్పుడు తెలిసింది.

నా దిగులు ఇంకోటి. మాట ఆగితే మాటతో పాటు బుర్ర కూడా ఆగుతుందేమో! బుర్రకి బెండకాయ మంచిదని, లెక్కలొస్తాయని మా అమ్మ అనేది. వెంటనే మొదలుపెట్టాను. బెండకాయ వేపుడు, బెండకాయ పులుసు, బెండకాయ పెరుగు పచ్చడి, టిఫినుకి బెండకాయ పకోడీ. మామూలు రోజుల్లో బెండకాయ పేరెత్తితే ఇల్లు పీకి పందిరేసే పిల్ల, ఇప్పుడు కిక్కురుమనకుండా తింటోంది. తింటూ నా వైపే చూసేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఎంత మనోవేదన పడుతోందో పిచ్చిది అని, ఇంకో గరిటె వేసేదాన్ని.

ఆగలేక ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఫైలు పరిశీలనలో ఉన్నదమ్మా," అన్నారు పరాంకుశం గారు. "మూడు సిట్టింగులు జరిగినవి. విద్యార్థిని ఏ అర్థంలో పలికినదో స్వయంగా వచ్చి వాంగ్మూలం ఇవ్వవలసి ఉన్నది."

"ఇస్తుందండీ. ఇప్పుడే పిలవనా?"

"ఇవ్వరాదు. ఆమె మౌన పరిశీలనలో ఉన్నది."

"మరి మౌనం తీసేస్తే..."

"వాంగ్మూలం ఇవ్వనిదే మౌనం తీయరాదు."

నా చదువుకి అందని విషయమేదో ఇందులో ఉందనుకుని కాసేపు ఆలోచించాను. అందలేదు. "పిల్ల ఏ ఉద్దేశంతో అన్నదో మీకు తెలీదా అండీ? గంట కొట్టారు, గబగబా రమ్మంది, అంతే కదా?"

ఆయన నొచ్చుకున్నారు. "తెలియకపోవడమేమిటమ్మా! నాకు మొదటి రోజే తెలుసు. విభాగంలో ముగ్గురికీ తెలుసు. తెలియడం వేరు, ధ్రువీకరించడం వేరు. తెలిసిందని ఎవరికి వారు ఊరుకుంటే ఇక విభాగం దేనికి?"

మా ఆయన ఆ సాయంత్రం కౌంటరు దగ్గరికెళ్ళి టీసీ ఇచ్చేయమన్నారు. "విద్యార్థిని తానే వచ్చి కోరవలెనండీ," అన్నాడు గుమాస్తా. "నోటితోనా?" అన్నారు మా ఆయన. "నోటితోనే," అన్నాడతను. మా ఆయన ఇంటికొచ్చి, నా సంచిలోంచి దుప్పటి తీసి కప్పుకుని పడుకున్నారు.

ఇంతలో ఉత్తమ బోధనా పద్ధతుల పరిశీలన సంఘం వారు బడి చూడటానికి వస్తున్నారని, తల్లిదండ్రులు హాజరు కావాలని గ్రూపులో పెట్టారు. ఆ రోజు నేను సంచీ ఇంకోసారి సర్దుకుని వెళ్ళాను. గ్రౌండులో షామియానా వేశారు. ఎండలో ఒకపక్క నేల హౌసు, ఒకపక్క పడవ హౌసు వరసలు కట్టి నిలబడ్డాయి. వరసల మధ్య సున్నంతో గీత గీశారు. గీతకి ఇటు మా మృదుల, అటు ఫర్జానా. పరిశీలనాధికారి వైకుంఠరావు గారు కారు దిగగానే, స్వాగతంగా యాజమాన్యం వారు ఒక తారాజువ్వ వెలిగించారు.

జువ్వ పైకి లేచింది. వంకర తిరిగింది. తిన్నగా వెళ్ళి నీళ్ళ ట్యాంకు కింద దూరింది.

"అయిపోయింది," అన్నాను పైకే. పక్కనున్నవాళ్ళు జువ్వ గురించి అనుకున్నారు.

ముందు చిన్న మోత. తర్వాత పెద్ద మోత. తర్వాత ట్యాంకు కిందనుంచి నల్లటి గుడ్డ ఊడిపడ్డట్టు మొత్తం పట్టు కదిలింది. మస్తాన్ మాస్టారు విజిలు ఊదీ ఊదీ, "పిల్లలూ, రన్! రన్!" అని అరిచారు.

ఆ బడి క్రమశిక్షణ అప్పుడు చూడాలి. ఒక్క పిల్ల కదల్లేదు. గ్రౌండు గ్రౌండంతా చేతులెత్తింది.

"నంబర్ ప్లీజ్ సార్! ఆరిజిన్ ప్లీజ్ సార్!"

"ఓరి మీ దుంపతెగ! తేనెటీగల్రా!"

"అది నామవాచకం సార్," అంది ముందు వరసలోని పిల్ల.

వాళ్ళకి అర్థం కాక కాదు. అందరి మొహాల్లోనూ ఏడుపుంది. ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. తెలుసునని ఒప్పుకునే అధికారమే ఎవరికీ లేదు. తెలుగులో కేకేస్తే వింటారేమోనని, "పరిగెత్తండమ్మా! పారిపోండర్రా!" అని నేను గొంతు చించుకున్నాను. "అదీ ధ్రువీకరించాలి ఆంటీ," అన్నారు.

వేదిక మీద పరాంకుశం గారు మైకు అందుకున్నారు. "సంయమనం పాటించవలసినదిగా కోరుచున్నాము. డ్రిల్ మాస్టారు గారు ఉచ్చరించిన క్రియ విభాగం పరిశీలనలో ఉన్నది." విభాగం అక్కడే కూర్చుంది. ఇంగ్లీషు మేడం కొంగు తలమీద కప్పుకుని డిక్షనరీ తిప్పుతోంది.

"నేల అర్థం సార్. పరిగెత్తేది నేల మీదే కదా!"

"ఈగలు గాల్లో వస్తున్నాయి కదండీ," అన్నాడు గుమాస్తా. "మనకి గాలి హౌసు లేదు."

నేనింక ఆగలేదు. గొడుగు తెరిచి గ్రౌండులోకి దూకాను. మృదుల జడ రిబ్బను మీద ఒక ఈగ వాలి ఉంది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు ఇంకా గట్టిగా మూసుకుని నిలబడింది. గీతకి అవతల ఫర్జానా కళ్ళజోడు పెట్టుకుని వెక్కుతోంది. సంచిలోంచి దుప్పటి లాగి ఇద్దరి మీదా కలిపి కప్పేశాను. నేలా పడవా ఒకే దుప్పటిలో అతుక్కుపోయాయి. దుప్పటి ఎందుకని ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళెవరూ అప్పుడక్కడ లేకపోవడం నా దురదృష్టం.

సరిగ్గా అప్పుడే మైకులో, "అధ్యక్ష హోదాలో నేను తెలియజేయునదేమనగా..." అని వినపడింది. ఆ తర్వాత ఏ భాషలోనూ లేని ఒక కేక వినపడింది. అత్తరు కోటు వాసనకి ఈగలన్నీ అటే మళ్ళాయి. పరాంకుశం గారు వేదిక మీంచి దూకారు. జెండా కర్ర చుట్టూ తిరిగారు. కోటు విసిరేశారు. షామియానా కిందుగా దూరి, సున్నపు గీత తొక్కుకుంటూ సైన్సు ల్యాబు వైపు వెళ్ళారు. నేను చూసినంతలో అంత వేగంగా వెళ్ళిన మనిషి లేడు.

గ్రౌండు గ్రౌండంతా తలలు అటు తిప్పింది.

"చూశారుగా!" అని గావుకేక పెట్టారు మస్తాన్ మాస్టారు. "అధ్యక్షులే చేసి చూపించారు! అదే అర్థం!"

నియమం నియమమే. పిల్లలందరూ చేతులు దించి, పరాంకుశం గారి వెనకే ఒక్కుమ్మడిగా పరిగెత్తారు. వాళ్ళ వెనక తల్లిదండ్రులు, వాళ్ళందర్నీ దాటుకుని వైకుంఠరావు గారు.

ల్యాబులో తలుపులేసుకున్నాక చూస్తే, పిల్లలకి ఒకటీ అరా తప్ప కుట్టలేదు. కుట్టినవన్నీ ప్రిన్సిపాల్ గారికే. నా డబ్బీలో సున్నం అంతా ఆయన మొహానికే సరిపోయింది. వెల్లవేసిన గోడలో రెండు కళ్ళు తెరిచినట్టున్నారు. పెదవులు బూరెల్లా పొంగి మాట రావడం లేదు.

వైకుంఠరావు గారు బల్ల కిందనుంచి బయటికొచ్చి, చొక్కా దులుపుకుని, "అత్యద్భుతం!" అన్నారు. "ఆచరణాత్మక బోధన అంటే ఇదీ! సంస్థాధిపతి స్వయంగా క్రియను ప్రదర్శించుట, విద్యార్థులు తక్షణమే గ్రహించుట. ప్రథమ బహుమతికి సిఫార్సు చేయుచున్నాను. ఆ ఈగల ఏర్పాటు ఎవరిది?"

నేను దొరికిందే సందని ప్రిన్సిపాల్ గారి ముందుకెళ్ళాను. "మా అమ్మాయి ఇక మాట్లాడొచ్చాండీ?"

"మ్మ్! మ్మ్!" అన్నారాయన రెండు చేతులూ ఊపుతూ.

"ఒప్పుకున్నారు తల్లీ," అన్నారు మస్తాన్ మాస్టారు.

"మ్మ్మ్!"

"మళ్ళా ఒప్పుకున్నారు. సాగర్‌కి కూడా పంపిస్తారంట."

ఇంటికొచ్చాం. బహుమతి వచ్చిందని, వచ్చే ఏడాది 'స్టాండ్' నామ సంవత్సరమని అప్పటికే గ్రూపులో పెట్టారు. మా ఆయన చదివి, "సాగర్ నుంచి రాగానే టీసీ అడుగుతుంది మా పిల్ల, నోటితో," అన్నారు. మృదుల ఏమీ అనలేదు.

"అనుమతి ఇచ్చారు కదే. మాట్లాడవే."

గుమ్మంలో కూర్చుని కాళ్ళ మీది దుమ్ము చూసుకుంటోంది. నాకు మళ్ళీ భయం మొదలైంది. వాడని తాళం తుప్పుపట్టినట్టు గొంతు పట్టేసిందేమో. మాటలన్నీ లోపలే ఎండిపోయాయేమో. గోరువెచ్చని నీళ్ళిచ్చాను, తాగింది. నోరు తెరవమన్నాను, తెరిచింది. నాలుక ఉంది. మా ఆయన ఫ్యాను ఆపేసి మరీ చెవులు రిక్కించారు. రోడ్డు మీద ఒక సున్నం లారీ వెళ్ళింది, దాని చప్పుడు చిన్నదై చిన్నదై పోయింది.

నేను దాని పక్కన కూలబడి, ఏం అడగాలో తోచక, రోజూ అడిగేదే అడిగాను. "సాగర్‌కి వెళ్తావుగా. డబ్బాలో ఏం పెట్టమంటావే?"

అది నా మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"అమ్మా," అంది బొంగురుగా. "ఏదైనా పెట్టు. బెండకాయ మాత్రం పెట్టకు."